వాగు పక్కన గుడారాలు: సెక్వోయా అడవిలో ఒక జులై వారాంతం

శుక్రవారం

ఏడు కుటుంబాలు ఒకేచోట గుడారాలు వేసుకోవాలంటే మామూలు సైట్లు సరిపోవు, గ్రూప్ సైట్ కావాలి, అది వేసవిలో దొరకాలంటే నెలల ముందే బుక్ చేసుకోవాలి. మాకు కాలిఫోర్నియాలో, సెక్వోయా అనే మహావృక్షాలకి పేరుపడ్డ సెక్వోయా నేషనల్ పార్కులో, డార్స్ట్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్‌లో, జులై చివరి వారాంతానికి దొరికింది. అందరం శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా తెలుగువాళ్ళమే. పిల్లలు కాక, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో ఒకరు మా స్నేహితురాలి నాన్నగారు, ఆదిలాబాద్ వైపు అటవీశాఖలో పనిచేసి రిటైరయ్యారు. మేమంతా బాబాయిగారూ అనే పిలుస్తాం. ఆయన లేకపోతే ఈ అడవిని మేము చెట్లు, కొండలు, ఫొటోలు అన్నట్టుగా చూసేసి వచ్చేవాళ్ళం.

ఫ్రీమాంట్ నుంచి పచేకో పాస్ దాటి, సాన్ లూయిస్ జలాశయం పక్కనుంచి సెంట్రల్ వ్యాలీలోకి దిగి, 99 హైవే పట్టుకుని ఫ్రెస్నో చేరాలి, అక్కణ్ణించి 180 హైవే మీద కొండెక్కుడే. దారంతా బాదం తోటలు. ఫ్రెస్నోలో కారు దిగితే మొహం మీద వేడి కొట్టింది, ఎండ 100 ఫారెన్‌హీట్ దాటింది. గ్యాస్ అక్కడే నింపుకోండి, పార్కు లోపల బంకులు లేవు. ఫోన్ సిగ్నల్ కూడా కొండెక్కుతుంటే ఒక్కొక్క గీతే పోయి, చివరికి ఏమీ మిగలదు, అందుకే మ్యాపులు, బుకింగ్ కాగితాలు ముందే డౌన్‌లోడ్ చేసుకోమని గ్రూపులో పదిసార్లు చెప్పాను.

బిగ్ స్టంప్ గేటు దాటి జనరల్స్ హైవే ఎక్కాక రెండు వైపులా అడవి చిక్కబడింది. కానీ కాసేపటికి ఒక మలుపు తిరగ్గానే పచ్చదనం పోయి, కొండ వాలు మొత్తం నల్లటి మోడులు. కార్లో మాటలు ఆగిపోయాయి. 2021 సెప్టెంబరులో పిడుగులు పడి రేగిన కేఎన్‌పీ కాంప్లెక్స్ కార్చిచ్చు మిగిల్చిన ఆనవాళ్ళవి. మా వెనకసీట్లో ఉన్న బాబాయిగారు అద్దం దించి, మోడుల కింద ఏం మొలుస్తోందో చూడ్డానికి మెడ సాచారు.

క్యాంప్‌గ్రౌండ్ దాదాపు 6,700 అడుగుల ఎత్తున ఉంటుంది. డార్స్ట్ అనేది ఒక సైనికాధికారి పేరు. ఈ పార్కు 1890లో ఏర్పడినప్పుడు చూసుకోడానికి ప్రత్యేకంగా సిబ్బంది లేరు, సైన్యాన్ని పంపారు, అలా 1891లో మొదట వచ్చిన అశ్వికదళ కెప్టెన్ జోసెఫ్ డార్స్ట్. మా సైటు నుంచి నాలుగు అడుగులు కిందకి దిగితే వాగు. జులై చివరికి మంచు కరిగిన నీళ్ళ ఉధృతి తగ్గిపోయి, బండల మధ్య మోకాలి లోతు మడుగులు, వాటి మధ్య సన్నటి ధారలు. చుట్టూ షుగర్ పైన్, ఫర్, ఇన్సెన్స్ సీడర్ చెట్లు. కింద నేలంతా ఎండిన పైన్ సూదులు పరుచుకుని మెత్తగా ఉంటుంది, గుడారం మేకులు సులువుగా దిగుతాయి గానీ ఆ సూదులే నిప్పంటుకుంటే పెట్రోలుతో సమానం.

గుడారాల కంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ప్రతి సైటులో గోధుమరంగు ఇనప పెట్టెలుంటాయి, ఎలుగుబంట్ల నుంచి తిండి కాపాడుకోడానికి. గొళ్ళెం ఎలా పెడతారంటే మన వేళ్ళకి అందుతుంది, ఎలుగు పంజాకి అందదు. తిండి ఒక్కటే కాదు, వాసన వచ్చేదేదైనా అందులోనే పెట్టాలి. టూత్‌పేస్టు, సబ్బు, సన్‌స్క్రీన్ సరే, అత్తయ్యగారి సంచి విప్పితే అమృతాంజనం, కొబ్బరినూనె సీసా, వక్కపొడి, అగరుబత్తులు వచ్చాయి. పసిపిల్లల కారు సీట్లు కూడా, ఎందుకంటే వాటి సందుల్లో బిస్కట్ పొడి ఉంటుంది. కార్లో వదిలేస్తే చాలదా అని ఒకాయన అడిగారు. చాలదు. ఎలుగుబంటి కారు తలుపు అంచు పట్టుకుని రేకుని వంచేయగలదు. పైగా ఒకసారి మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగు మళ్ళీ మళ్ళీ వస్తుంది, భయం పోతుంది, చివరికి దాన్ని చంపాల్సిన పరిస్థితి వస్తుంది. మనం పారేసిన చిప్స్ పాకెట్ దాని ప్రాణం మీదకి తెస్తుంది. అందుకే ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను, ఎంత దగ్గరివాళ్ళయినా సరే.

రాత్రికి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, పెరుగన్నం, ఆవకాయ. మొదటి రోజు వంట పెట్టుకోకపోవడం మంచిది, చీకటి పడేలోపు గుడారాలు నిలబెట్టడానికే టైం సరిపోదు. తొమ్మిదింటికే చలి మొదలైంది. మధ్యాహ్నం ఏసీ పెంచమని గోల చేసిన పిల్లలే స్వెట్టర్లు, టోపీలు వేసుకుని స్లీపింగ్ బ్యాగుల్లో దూరారు.

శనివారం

వాగు పక్కన పడుకుంటే రాత్రంతా వర్షం పడుతున్నట్టే ఉంటుంది. తెల్లారి నేను మొహం కడుక్కోడానికి కుళాయి దగ్గరికి వెళ్తూ వాగు వైపు చూస్తే, బండ మీద ఒక చిన్న బూడిదరంగు పిట్ట గుంజీలు తీస్తున్నట్టు లేస్తూ కూర్చుంటూ ఉంది. డిప్పర్ అంటారు దాన్ని. చూస్తుండగానే బండ దిగి నడుచుకుంటూ నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఈదడం కాదు, నీళ్ళ అడుగున గులకరాళ్ళ మీద నడవడమే, పురుగుల కోసం. కాసేపటికి ఇంకో బండ పక్కన తేలి, రెక్కలు దులుపుకుని, మళ్ళీ గుంజీలు. రెప్ప వేసినప్పుడల్లా కంటి మీద తెల్లటి చుక్క మెరుస్తుంది. పిల్లల్ని లేపుకొచ్చి చూపించాను, అరవకుండా బండ మీద కూర్చుని పావుగంట చూశారు, అది మాత్రం నాకు ఆశ్చర్యమే.

టిఫిన్‌కి ఉప్మా, మధ్యాహ్నానికి పప్పు, అన్నం. ఇక్కడ ఒక మాట చెప్పాలి, కొండ మీద వండబోయేవాళ్ళకి పనికొస్తుంది. ఈ ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి, అంతకుమించి వేడెక్కవు, కాబట్టి కందిపప్పు గిన్నెలో పెడితే గంటైనా పలుకు పలుకుగానే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ తెచ్చుకుంటే ఆ బాధ లేదు. బరువని చాలామంది వదిలేస్తారు గానీ, ముప్ఫై మందికి వండేటప్పుడు కుక్కర్ ఆదా చేసే గ్యాస్ సిలిండర్ల బరువు లెక్కేస్తే అదే తేలిక. వంట, గిన్నెలు, నీళ్ళు, పొయ్యి, పిల్లల కాపలా అని బయల్దేరేముందే జట్లు వేసుకున్నాం, ప్రతి జట్టులో ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇద్దరూ ఉండాలని గట్టిగా పట్టుబట్టాను. లేకపోతే ఏమవుతుందో మనందరికీ తెలుసు, ఆడవాళ్ళు స్టవ్ మార్చుకోవడం తప్ప వాళ్ళకి సెలవు ఉండదు. గిన్నెలు వాగులో కడగకూడదు. టబ్బులో కడిగి, మెతుకులు వడకట్టి చెత్తలో వేసి, ఆ నీళ్ళు క్యాంప్‌గ్రౌండ్ వాళ్ళు చూపించిన చోటే పొయ్యాలి.

పదింటికి మ్యూర్ గ్రోవ్ అనే సెక్వోయా చెట్ల తోపుకి నడక. క్యాంప్‌గ్రౌండ్ లోంచే దారి మొదలవుతుంది, పోనూ రానూ నాలుగు మైళ్ళు. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారు కూడా కర్ర పట్టుకుని మెల్లగా వచ్చేశారు. దారిలో ఒక పెద్ద గ్రానైట్ బండ వస్తుంది, దాని మీద నిలబడితే ఎదుటి కొండ మీద మిగతా అడవిని మించి పైకి లేచిన గుండ్రటి తలలు కనిపిస్తాయి. అవే సెక్వోయాలు. జెఫ్రీ పైన్ చెట్టు బెరడు పగుళ్ళలో ముక్కు పెట్టి వాసన చూడమని పిల్లలకి చెప్పాను, వెనీలా వాసనొస్తుంది. ఆ తర్వాత దారి పొడుగునా ప్రతి చెట్టునీ వాసన చూడ్డమే వాళ్ళ పని. షుగర్ పైన్ కాయలు కింద పడి ఉన్నాయి, మూరెడు పొడుగు, పిల్లలు రెండు చేతులతో ఎత్తి చూసి మళ్ళీ అక్కడే పెట్టారు.

గ్రోవ్‌లోకి అడుగుపెట్టాక మాత్రం ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. అక్కడ కంచెలు లేవు, బస్సుల్లో వచ్చే జనం లేరు, దాల్చిన చెక్క రంగు మానులు గుంపుగా నిలబడి ఉన్నాయి. బాబాయిగారు ఒక చెట్టు దగ్గరికి వెళ్ళి బెరడు మీద అరచెయ్యి పెట్టారు. ఎలా ఉంది బాబాయిగారూ అంటే, "మెత్తగా ఉందమ్మా, కొబ్బరి పీచు ఒత్తినట్టుంది. ఇది కాలదు" అన్నారు. ఆయన అన్నది నిజమే. పెద్ద సెక్వోయాకి బెరడు రెండడుగుల మందం దాకా ఉంటుంది, మామూలు మంటల్ని ఆపేస్తుంది. చెట్టు మొదట్లో నల్లటి మచ్చలున్నాయి, ఎన్నో వందల ఏళ్ళలో ఎన్నో మంటలు తగిలి మానిపోయిన గాయాలు.

నేను ఒక కాయ తీసి చూపించాను. ఇంత పెద్ద చెట్టు కాయ కోడిగుడ్డంతే. కొమ్మ మీద పచ్చగా, మూసుకుని ఇరవై ఏళ్ళు కూడా ఉండిపోగలదు. కింద మంట రేగి, వేడి పైకి తగిలినప్పుడు ఆ కాయలు ఎండి, విచ్చుకుని, గింజల్ని వానలా రాలుస్తాయి. ఒక్కో గింజ ఓట్స్ పలుకంత. కింద ఆకుల చెత్త కాలిపోయి మట్టి బయటపడితేనే అవి మొలుస్తాయి, పైనున్న కొమ్మలు కాలి ఎండ పడితేనే బతుకుతాయి. అంటే ఈ అడవికి నిప్పు కావాలి. అది తెలియక దశాబ్దాల పాటు ఇక్కడ ఏ చిన్న మంటనైనా వెంటనే ఆర్పేశారు, అంతకుముందు ఇక్కడి ఆదివాసులు పద్ధతిగా పెట్టే మంటల్ని కూడా ఆపించారు. చెత్త, చిన్న చెట్లు పేరుకుపోయాయి. 1960ల నుంచి పార్కు వాళ్ళే అక్కడక్కడ జాగ్రత్తగా మంట పెట్టి శుభ్రం చేస్తున్నారు గానీ, పేరుకున్నదానికి అది చాలలేదు. దానికి తోడు 2012-16 మధ్య పెద్ద కరువొచ్చి కాలిఫోర్నియా అడవుల్లో కోట్ల చెట్లు ఎండిపోయాయి. 2020, 2021 కార్చిచ్చుల్లో పెద్ద సెక్వోయాల్లో 13 నుంచి 19 శాతం పోయాయని పార్కు అంచనా. వేల ఏళ్ళు మంటలకి తట్టుకుని నిలబడ్డవి, రెండేళ్ళలో.

బాబాయిగారు పడిపోయిన ఒక మాను మీద కూర్చుని తన అనుభవం చెప్పారు. వాళ్ళ దగ్గర ఎండాకాలం ముదరకముందే ఫైర్ లైన్లు కొట్టేవాళ్ళట, అంటే అడవిని ముక్కలు చేస్తూ ఆకులు, గడ్డి లేని బాటలు, మంట అక్కడికొచ్చి ఆగిపోయేలా. ఇప్పపువ్వు ఏరుకునేవాళ్ళు చెట్టు కింద ఆకులు కాలుస్తారు, తునికాకు లేతగా చిగురించాలని ఇంకొందరు నిప్పు పెడతారు, గాలి తోడైతే అది చెయ్యి దాటిపోతుంది. "నౌకరీ అంతా మంట ఆర్పుడే నేర్చుకున్న. మంట పెట్టుడు కూడా నేర్చుకోవాలని గీడికొచ్చినంక సమజైతాంది" అన్నారు. టేకు వేసవిలో ఆకు రాల్చేస్తుంది కాబట్టి మంట కిందే పాకిపోతుంది, ఇక్కడ కింది కొమ్మల మీంచి నిచ్చెనెక్కినట్టు తలల్లోకి ఎక్కుతుంది, తేడా అక్కడే అని పిల్లలకి పుల్లతో నేల మీద గీసి చూపించారు.

సాయంత్రం వాగులో. ఈ పార్కుల్లో ఎక్కువమంది చనిపోయేది ఎలుగుల వల్ల కాదు, నీళ్ళలో మునిగి. అందుకని నీళ్ళు మోకాలి లోతే ఉన్నా కాపలా జట్టు ఒడ్డునే కూర్చుంది, ఫోన్లు లేవు కాబట్టి కళ్ళు కూడా పిల్లల మీదే ఉన్నాయి. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయంటే నిమిషానికే పాదాలు తిమ్మిరెక్కుతాయి. పిల్లలు రాళ్ళు పేర్చి ఆనకట్ట కట్టారు, వచ్చేముందు దాన్ని తీసేయించాం, ఆ రాళ్ళ కింద డిప్పర్ తినే పురుగులుంటాయి కాబట్టి.

ఆరున్నరకి అవతలి ఒడ్డున పొదలు కదిలాయి. తేనెరంగు ఎలుగుబంటి. ఈ జాతి పేరు బ్లాక్ బేర్ అయినా ఈ సియెర్రా కొండల్లో చాలావాటికి ఈ రంగే. కాలిఫోర్నియా జెండా మీద ఉండే గ్రిజ్లీ వేరు, అది ఈ రాష్ట్రంలో 1920ల్లోనే అంతరించిపోయింది. మేము పిల్లల్ని మధ్యలోకి లాక్కుని, గుంపుగా నిలబడి, చప్పట్లు కొట్టి గట్టిగా అరిచాం. అది తల తిప్పి చూసి, పడిపోయిన ఒక దుంగని ముందుకాలితో పొర్లించి, కింద ఏవో పురుగులు నాకి, తీరిగ్గా కొండెక్కిపోయింది. దాని దుంగ దానికుంది, మా తిండి పెట్టెలో ఉంది. అలాగే ఉండాలి.

రాత్రి చికెన్, మొక్కజొన్న కంకులు నిప్పుల మీద కాల్చుకున్నాం. కట్టెలు ఇంటి నుంచి తేకూడదు, వాటితో పాటు చెట్లని తినే పురుగులు ఒక అడవి నుంచి ఇంకో అడవికి వచ్చేస్తాయి, ఇక్కడే కొనుక్కోవాలి. మంటకి అనుమతి ఉందో లేదో ఆ రోజు బోర్డు చూసి తెలుసుకోవాలి. స్పీకర్లు తేవద్దని ముందే అనుకున్నాం, అంత్యాక్షరికి గొంతులు చాలు, పది దాటాక అదీ ఆపేశాం. పడుకునే ముందు నీళ్ళు పోసి, పుల్లతో కలిపి, మళ్ళీ పోసి, బాబాయిగారు అరచేతి వెనక వైపు బూడిదకి దగ్గరగా పెట్టి, చల్లగా ఉందని చెప్పాకే అందరం లేచాం.

ఆదివారం

జెయింట్ ఫారెస్ట్ చూడ్డానికి షటిల్ బస్సెక్కాం. ఈ సీజన్‌లో అక్కడ పార్కింగ్ దొరకదు, బస్సే నయం. జనరల్ షెర్మన్ చెట్టు ఎత్తు 275 అడుగులు, మొదట్లో అడ్డకొలత 36 అడుగులు. ఇంతకంటే ఎత్తైన చెట్లున్నాయి గానీ, కలప పరిమాణంలో ప్రపంచంలో ఇదే పెద్దది. 2021లో మంటలు దగ్గరికొచ్చినప్పుడు దీని మొదలుకి వెండిరంగు రేకు దుప్పటి చుట్టారు. జనం చాలా ఎక్కువ, ఫొటోకి క్యూ. నిజం చెప్పాలంటే మ్యూర్ గ్రోవ్ చూశాక ఇక్కడ నా మనసు అంతగా నిలవలేదు. చెట్టు దగ్గరికి దిగడం సులువు, తిరిగి పైకెక్కడం పెద్దవాళ్ళకి కష్టం, మధ్యలో బెంచీలున్నాయి.

మోరో రాక్ మాత్రం వదలకండి. ఒకే పెద్ద గ్రానైట్ గుండు మీద 350కి పైగా మెట్లు, 1931లో కట్టినవి, ఒకరు దిగుతుంటే ఒకరు ఒదిగి నిలబడేంత సన్నం. పైనుంచి ఒకవైపు గ్రేట్ వెస్టర్న్ డివైడ్ శిఖరాలు, వాటి సందుల్లో ఇంకా మంచు, ఇంకోవైపు కవియా నది లోయ. ఉరుములు వినిపిస్తే ఎక్కకూడదు, పిడుగులు పడే చోటు. ఈ ప్రాంతానికి బళ్ళు వచ్చే దారి పూర్తిచేసింది 1903లో కెప్టెన్ చార్లెస్ యంగ్ నాయకత్వంలోని నల్లజాతి సైనికులు. బానిసత్వంలో పుట్టి, వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో చదివి, సైన్యంలో అడుగడుగునా వివక్ష ఎదుర్కొన్న మనిషి ఆయన. ఒక్క వేసవిలో ఆ పని చేయించారు. చెట్లకి పెట్టిన జనరళ్ళ పేర్లు అందరికీ తెలుసు, ఈయన పేరు మా బస్సులో ఎవరికీ తెలియదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తిరిగొస్తూ దారిలో లాడ్జ్‌పోల్ అనే చోట స్నానాలు, ఐస్‌క్రీములు. డార్స్ట్ క్రీక్‌లో బాత్రూములు ఉన్నాయి గానీ షవర్లు లేవు.

రాత్రి చెట్ల మధ్య నుంచి ఆకాశం ముక్కలుగానే కనిపిస్తుందని, రోడ్డు పక్క ఖాళీలోకి టార్చ్ లైట్లతో నడిచాం. అన్నీ ఆర్పేశాక పాలపుంత దానంతటదే తేలింది. అత్తయ్యగారు సప్తర్షుల్ని పట్టుకుని ధ్రువుణ్ణి వెతికి, "ఇంత పైకి ఎప్పుడెక్కాడమ్మా ఈయన!" అన్నారు. కాకినాడలో ఆవిడ చిన్నప్పుడు డాబా మీద పడుకుని చూసిన ధ్రువుడు దాదాపు 17 డిగ్రీల ఎత్తున ఉండేవాడు, ఇక్కడ 36 దాటి ఉన్నాడు. దక్షిణాన వృశ్చికం అంతకంత కిందకి దిగి, తోక చివర కొండ వెనక దాగింది, జ్యేష్ఠ ఒక్కటి ఎర్రగా పైన కనిపించింది. ఎనిమిదేళ్ళ మనవరాలికి ఆవిడ వేలు పట్టుకుని ఒక్కొక్క నక్షత్రం చూపిస్తుంటే టార్చ్ వెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు.

సోమవారం

ఇడ్లీరవ్వ ఉప్మా మిగిలిన కూరగాయలన్నీ వేసి, ఆఖరి పాల పాకెట్‌తో టీలు. గుడారాలు తడి ఆరాక మడవాలి, ఇంటికెళ్ళి ఇంకోసారి ఆరబెట్టాలి, లేకపోతే బూజు పడుతుంది. అందరం వరసగా నిలబడి సైటు ఈ చివర నుంచి ఆ చివరిదాకా నేల చూసుకుంటూ నడిచాం: రబ్బరు బ్యాండ్లు, చాక్లెట్ కాగితాలు, ఒక టెంట్ మేకు, జీడిపప్పు పలుకులు. ఆ పలుకులు కూడా ఏరాం, నీలం రంగు జే పిట్టలు, ఉడతలు తినేస్తాయిలే అనుకోకూడదు, వాటికీ అలవాటు చెయ్యకూడదు. ఇనప పెట్టెలు ఖాళీ చేసి, లోపల తడిగుడ్డతో తుడిచి, గొళ్ళెం వేశాం.

కింద ఫ్రెస్నోలో మళ్ళీ అదే ఎండ. ఒక పార్కులో చెట్టు కింద ఆగి మిగిలిన బియ్యం, నూనె, పచ్చళ్ళు పంచుకున్నాం, ఖర్చుల లెక్క తేల్చుకున్నాం. బాబాయిగారు ఇంకో నెలలో వెళ్ళిపోతారు, ఈలోపు మంటల తర్వాత మళ్ళీ మొలుస్తున్న చోట్లు చూడాలంటున్నారు, ఆగస్టులో ఆయన్ని, అమ్మగారిని తీసుకుని మా రెండు కుటుంబాలం గ్రాంట్ గ్రోవ్ వైపు వెళ్ళొస్తాం. గ్రూపుగా మాత్రం వచ్చే వేసవికే. బుకింగ్ తెరుచుకునే రోజు పొద్దున ఏడింటికి నలుగురం నాలుగు లాప్‌టాపుల ముందు కూర్చోవాలని అక్కడే పేర్లు రాసేసుకున్నాం.